నలభై ఏడు నిమిషాలు

పోలీసులు పదింటికి వస్తారని తెలిసి, ఆఫీసు కంప్యూటర్లు చూసే అప్పలరాజు ఏడున్నరకే చేరాడు. సర్వర్ గదిని చుట్టాలొచ్చే ఇల్లులా సర్దాడు. నేల తుడిచాడు, వేలాడే తీగల్ని కట్టగట్టాడు, ఎన్నాళ్లుగానో నలభై ఏడు నిమిషాలు వెనక నడుస్తున్న గేటు పాసులు తీసే సర్వర్ గడియారాన్ని సరిచేశాడు. భీమిలి జాలరి ఇంట పుట్టినవాడు. పరాయివాళ్లకి ఇల్లు చెదిరి కనిపిస్తే వాళ్లమ్మ నూకాలు పరువు పోయినట్టే ఏడ్చేది.

అది రేవు పక్కన సరుకు యార్డు. మొన్న మంగళవారం, అప్పలరాజు పేరుతో తీసిన దొంగ గేటు పాసు మీద ఒక కంటైనర్ మూడు దాటాక బయటికి పోయింది. అతని పాస్‌వర్డ్ ఆఫీసులో నలుగురికి తెలుసు. కానీ ఆ రోజు రెండున్నరకే గేటు పుస్తకంలో సంతకం పెట్టి భీమిలి బస్సెక్కాడు. యంత్రమే తనను బయటపడేస్తుందని అతని ధైర్యం.

సైబర్ ఎస్సై ధనలక్ష్మి తలుపు గడియ పెట్టింది. సర్వర్‌లోని చిట్టా మొత్తం తను తెచ్చిన డిస్క్‌లోకి ఎక్కించి, తెర చూసింది.

"పాసు తీసింది రెండూ పదికి. అప్పుడెక్కడున్నావ్?"

"ఇక్కడే... ఆగండి మేడమ్. ఆ గడియారం యెనకండి. నలభై ఏడు కలపాల, మూడు కావత్తాది. అప్పటికి నాను బస్సులో ఉన్నాను. నాను రోజూ మనసులో కలిపే సూసుకుంటాను."

"ఇప్పుడు సరిగానే ఉంది కదా?"

"పొద్దున్నే సరిసేసానండి."

ఆమె చెయ్యి ఆగింది. "శవం పడున్న గదికి కళ్లాపి చల్లేసావన్నమాట."

"మార్సినట్టు అందులోనే ఉంటాదండి. పాత టైము, కొత్త టైము."

"ఉంది. ఎనిమిదీ పన్నెండుకి, నీ పేరు మీదే. పొద్దున్న వెనకుందని తెలుస్తంది. మంగళవారం కూడా వెనకుందని ఎవరు చెప్తారు? నిన్నే బ్యాటరీ చచ్చి పడిపోయిందంటే? ఎవరికన్నా చెప్పావా? ఎక్కడన్నా రాసావా?"

"నాకు తెల్సు కదా అని..."

ఆ మాట అతని చెవికే పేలవంగా వినిపించింది.

కాపీ పూర్తయి తెర మీద పొడవాటి అంకె పడింది. "ఇది దీని వేలిముద్ర," అంది ఆమె. "ఇకమీద లోపల ఒక్క అక్షరం మారినా ఈ అంకె మారిపోద్ది." ఆ తర్వాత ఒక కాయితం జరిపింది. యంత్రంలో ఎవరైనా ఏదైనా మార్చారా అని ఒక గడి.

"ఖాళీగా వదిలేత్తే?"

"రెండూ పదే నిలుస్తాది. రాస్తే సాక్ష్యం మీద చెయ్యేసినోడివి. ఏది రాయాలో నన్నడక్కు."

అతను కలం అందుకున్నాడు. గడియారాన్ని నలభై ఏడు నిమిషాలు ముందుకు జరిపానని రాశాడు. దాని కింద ఇంకో గడి: కారణం.

వెతికితే ఒక్కటే నిజం దొరికింది. పోలీసులు వస్తున్నారని, అని రాశాడు.

ధనలక్ష్మి రెండుసార్లు చదివింది. "వేరే మాటేటీ లేదా, తమ్ముడూ?"

"లేదు మేడమ్. అందుకే మార్సాను."