గోడలో నీలం దూది

మా నాన్న ప్రాణం తీసిన రైలుకు కొత్త రంగులేసి పండుగ చేస్తున్నామని, తప్పకుండా రావాలని మా అమ్మకు ఫోను వచ్చింది.

ఫోను చేసినతను క్లైవ్ ఏంజర్. కుర్రతనంలో కొన్నాళ్లు నాన్నతో కలిసి మా ఊరి బోగీల ఫ్యాక్టరీలో పనిచేశాడు. రిటైరయ్యాక పాత రైళ్లను బాగుచేసి నడిపే సంఘంలో చేరాడు. నాన్న అంత్యక్రియలకు వచ్చి చర్చి వెనక వరసలో నిలబడి వెళ్లిపోయిన మనిషి, ఏడేళ్ల తర్వాత ఇప్పుడు ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. "అది మీ సిరిల్ చేతుల మీదుగా తయారైన రైలు, ఎనిడ్. ఆ రకంలో మిగిలింది అదొక్కటే. నువ్వు రాకపోతే ఎలా?"

అమ్మ అంతా విని, "ఇంకా ఎవరెవరొస్తున్నారు?" అని అడిగింది.

ముఖ్య అతిథి తన మేనమామేనని క్లైవ్ చెప్పాడు. ఆయన క్రాక్స్‌ఫర్డ్, ఆ రోజుల్లో ఫ్యాక్టరీ మేనేజరు. ఎనభై దాటినా ఇంకా గట్టిగానే ఉన్నాడట.

"అయితే వస్తాను," అని అమ్మ ఫోను పెట్టేసింది.

నేను ఆమె మీద అరిచాను. నాన్నను అలా చేసినవాళ్లతో కూర్చుని కేకు తింటావా అని అడిగాను. అమ్మ నా వైపు చూడకుండా కెటిల్‌లో నీళ్లు పోసింది. "కేకు తినడానికి పోవట్లేదు లినెట్. నువ్వూ రా. కారు నువ్వే నడపాలి," అంది.

ఆ రైళ్ల సంగతి కొంచెం చెప్పాలి. యుద్ధం అయిపోయి, లండన్‌కు దక్షిణాన ఊళ్లు పెరిగి, ఉద్యోగాలకు వెళ్లే జనం ఎక్కువయ్యాక, పందొమ్మిది వందల యాభైల చివర్లో వాటిని వందలకొద్దీ తయారు చేశారు. పట్టాల పక్కన వేసిన మూడో పట్టా నుంచి కరెంటు తీసుకుని నడిచేవి. కొన్ని బోగీల్లో నడవా ఉండేది కాదు. ఎదురెదురుగా రెండు బెంచీలు, అటో తలుపు ఇటో తలుపు, అంతే. ఎక్కి తలుపు వేసుకున్నామంటే తర్వాతి స్టేషను వచ్చేదాకా పక్క గదిలోకి కూడా వెళ్లలేం. రైలు బయల్దేరే ముందు ప్లాట్‌ఫాం పొడుగునా ఆ తలుపులన్నీ ధనాధనా మూసుకునేవి. మొదట ఆకుపచ్చ రంగులో ఉండేవి, తర్వాత నీలం చేశారు, ఆ తర్వాత నీలానికి బూడిదరంగు కలిపారు. నేను లండన్‌లో టైపిస్టుగా చేరిన రోజు నుంచి వాటిని రద్దు చేసేదాకా వాటిలోనే తిరిగాను. పొద్దున్నే నిద్ర చాలక కిటికీ పక్క గోడకు తల ఆనించి పడుకునేదాన్ని.

ఆ గోడ లోపలే ఉండేది అది. బయటి ఇనుప రేకుకూ లోపలి చెక్క పలకకూ మధ్య, చలీ చప్పుడూ లోపలికి రాకుండా, నిప్పు అంటుకోకుండా నీలం ఆస్బెస్టాస్‌ను, అంటే రాతినారను, గొట్టాలతో చిమ్మేవాళ్లు. ఆ పని జరిగే షెడ్డులో మా నాన్న సిరిల్ పార్జిటర్ పెళ్లికి ముందే చేరాడు. చిమ్మింది చిమ్మినట్టు గోడకు అంటుకోదు కదా, సగం కింద పడేది. అది ఆరాక దూదిలా లేచేది. కుర్రాళ్లు దాన్ని ఉండలు చుట్టి, మంచు ముద్దల్లా ఒకళ్ల మీద ఒకళ్లు విసురుకునేవాళ్లు. సాయంత్రం షెడ్డు ఊడ్చే వంతు ఎక్కువగా నాన్నదే. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా ఆ నూగు ఉండేది. అమ్మ ఆయన పని బట్టల్ని పెరటి గుమ్మంలో నిలబడి దులిపి ఉతికేది. అందుకే ఇప్పటికీ అమ్మ దగ్గితే నేను చేస్తున్న పని ఆపేసి వింటాను.

ఆ నూగు పీల్చినందుకు నాన్నకు యాభై ఎనిమిదో ఏట ఊపిరితిత్తుల పొరకు క్యాన్సరొచ్చింది. మెట్లు ఎక్కలేకపోతే మంచం ముందు గదిలోకి దించాం. చివరికి కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడు, పడుకుంటే ఊపిరి అందదని. చావుకు కారణం తేల్చే కోర్టు విచారణలో ఫ్యాక్టరీ తరఫు లాయరు తల కూడా ఎత్తకుండా, "ఆ రోజుల్లో దీని ప్రమాదం ఎవరికీ తెలియదు" అన్నాడు. నష్టపరిహారం అడిగినప్పుడూ అదే మాట. షెడ్డులో పనిచేసిన మిగతావాళ్ల ఇళ్లకూ అదే మాట. ఎవరికీ తెలియదు. అమ్మ గిన్నెలు తోముతూ ఆ రెండు ముక్కలు తనలో తాను అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

పండుగ రోజు ఎండ బాగా కాసింది. స్టేషనంతా రంగు జెండాలు, బ్యాండు మేళం, టీ బల్లలు. మొదట్లో ఉన్న ఆకుపచ్చ రంగే మళ్లీ వేసి రైలును నిలబెట్టారు. ఆ చిన్న లైనులో కరెంటు పట్టా లేదు కాబట్టి ముందు డీజిల్ ఇంజను తగిలించారు. నిజం చెప్పొద్దూ, రైలు అందంగా ఉంది. దాన్ని చూసి ముచ్చటేసినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

క్లైవ్ మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. మెడలో సంఘం టై, చేతికి ఆరని రంగు. "దీన్ని బాగుచేయడం మామూలు పని కాదు ఎనిడ్," అని మొదలుపెట్టాడు. "ముందు గోడల్లో ఉన్నదంతా తీయించాలి కదా. ప్రత్యేకంగా మనుషులొచ్చారు. బోగీ మొత్తానికి గుడారం కట్టి, తెల్ల సూట్లు వేసుకుని, మొహానికి మాస్కులు పెట్టుకుని చేశారు. పని అయ్యాక ఆ సూట్లు కూడా సంచుల్లో కట్టి పాతిపెట్టారు."

"బాగుంది," అంది అమ్మ. "సిరిల్‌కు చీపురిచ్చారు."

ఈలోగా అతిథుల్ని ఎక్కమని గార్డు పిలిచాడు. నల్ల కోటు వేసుకున్న పొడుగాటి ముసలాయన చేతికర్ర ఊతంతో ఒక గదిలోకి ఎక్కాడు. తలుపు మీద 'అతిథులకు' అని కాగితం అంటించి ఉంది. అమ్మ నేరుగా వెళ్లి ఆయన వెనకే ఎక్కి ఎదురు బెంచీ మీద కూర్చుంది. నేను అమ్మ పక్కన కూర్చున్నాను. క్లైవ్ కిందే నిలబడి, "ఎనిడ్, మీకు వెనక బోగీలో సీట్లు పెట్టాం," అన్నాడు.

"ఇక్కడ బాగానే ఉంది. నువ్వూ ఎక్కు," అంది అమ్మ.

ఈల వినపడింది. అతను ఎక్కాడు. గార్డు బయటినుంచి తలుపు ధనామని వేశాడు. రైలు కదిలింది. ఇక లైను చివరి స్టేషను దాకా ఎక్కడా ఆగదు.

క్రాక్స్‌ఫర్డ్ మర్యాదగా టోపీ తీశాడు. "మీరు...?"

"మిసెస్ పార్జిటర్. సిరిల్ పార్జిటర్ భార్యని. స్ప్రే షెడ్డు."

"ఆఁ, స్ప్రే షెడ్డు. మంచి కుర్రాళ్లు. అందరి పేర్లూ గుర్తుండవు, ఏమనుకోకండి. చాలామంది ఉండేవారు కదా."

"ఇప్పుడంత మంది లేరు లెండి. గుర్తుపెట్టుకోవడం తేలికే."

ఆయన కర్ర పట్టుకున్న చెయ్యి మార్చుకున్నాడు. "విన్నాను. చాలా బాధాకరం. కానీ అమ్మా, ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు."

అమ్మ ఆ మాట కోసమే కాచుకుని ఉందని నాకప్పుడు అర్థమైంది. ఆమె గొంతు కొంచెం కూడా పెంచలేదు. "మరి క్లైవ్‌ను అక్కణ్నుంచి ఎందుకు మార్పించారు?"

క్లైవ్ అమ్మ వైపు తిరిగాడు. "నన్నా?"

"నిన్నే. చేరి నెల కూడా తిరక్కుండానే పెయింట్ షెడ్డుకు పోయావు. ఆ రోజు సిరిల్ ఇంటికొచ్చి నవ్వాడు, మేనేజరు గారి మేనల్లుడికి మా నీలం మంచు పడలేదట అని. నేనూ నవ్వాను. నలభై ఏళ్లు దాన్ని నవ్వులాటే అనుకున్నాను." అమ్మ మళ్లీ ముసలాయన వైపు తిరిగింది. "ఎందుకు మార్పించారు?"

"వాడికి చిన్నప్పటి నుంచీ ఛాతీ బలహీనం. మా చెల్లెలు అడిగింది. అంతే, అందులో ఏముంది?"

"నాకు ఛాతీ బలహీనమా?" అన్నాడు క్లైవ్. "స్కూల్లో పరుగు పందేలన్నిటికీ నన్నే పంపేవాళ్లు మామయ్యా."

"నువ్వూరుకో క్లైవ్."

"ఊరుకోకు," అంది అమ్మ. "ఇన్నేళ్లూ ఊరుకున్నది చాలు. ఆయన ఏమని చెప్పి మార్పించాడో నాకు తెలియాలి."

క్లైవ్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తూ మెల్లగా మొదలుపెట్టాడు. "ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికొచ్చావు మామయ్యా. వంటింట్లో అమ్మ ముందే చెప్పావు. ఇక ఆ షెడ్డులో అడుగు పెట్టొద్దన్నావు. అక్కడివాళ్లతో కూర్చుని అన్నం కూడా తినొద్దన్నావు. ఎందుకని అడిగితే, ఎందుకని అడక్కు, బయటెక్కడా అనకు అన్నావు. నన్ను పైకి తేవడానికి మంచి పనిలో వేస్తున్నావని అనుకున్నాను. అలాగే అనుకోవాలని అనుకున్నాను."

క్రాక్స్‌ఫర్డ్ మొహం ఎర్రబడింది. తలుపు పైనున్న ఆపద గొలుసు వైపు చెయ్యెత్తాడు.

"లాగండి," అంది అమ్మ. "రైలు ఆగుతుంది. ఏమైందోనని అందరూ పరిగెత్తుకొస్తారు. వాళ్లందరి ముందూ మళ్లీ అడుగుతాను."

ఆ చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి కిందికి దిగింది. తర్వాత ఆయన మాట్లాడిన తీరులో ఇందాకటి మర్యాద లేదు. "ఏం చేయమంటారు నన్ను? షెడ్డు మూసేస్తే ఆర్డరు ఇంకో ఫ్యాక్టరీకి పోయేది. ఊరు ఊరంతా రోడ్డున పడేది. పైవాళ్లకు చెప్పాను. రైళ్లు ముందు బయటికి రానీ, తర్వాత చూద్దాం అన్నారు. నేను ఒక్కణ్ని ఏం చేయగలను?"

"మాస్కులు కొనగలరు," అన్నాను నేను. "మీ మేనల్లుడికి చెప్పిన ఆ ఒక్క మాట మా నాన్నకూ చెప్పగలరు. దానికి ఆర్డరు పోదు కదా."

ఆయన కిటికీలోంచి పొలాలను చూస్తూ కూర్చున్నాడు. క్షమించమని మాత్రం అనలేదు. అంటే అమ్మ ఏం చేసేదో నాకు తెలియదు. అనలేదు కాబట్టి ఆ మిగతా దారంతా ఆయన మొహాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన ఎటు తిరిగినా ఆ చూపు తప్పించుకునే చోటు ఆ గదిలో లేదు.

చివరి స్టేషనులో బ్యాండు వాయిస్తోంది. గోడ మీద ఒక ఇత్తడి పలక, దాని మీద తెర. రైలును రూపొందించిన ఇంజనీర్ల పేర్లూ, ఫ్యాక్టరీ మేనేజరు పేరూ చెక్కించారట. క్రాక్స్‌ఫర్డ్ ఒంట్లో బాగాలేదని చెప్పి ఎవరి కారులోనో వెళ్లిపోయాడు. సంఘం అధ్యక్షుడు క్లైవ్‌ను తెర లాగమంటే అతను తల అడ్డంగా ఊపి టీ బల్లల అవతలికి నడిచాడు. అమ్మ అతని వెనకే వెళ్లింది.

"రైలు గదిలో మన నలుగురి మధ్యే చెప్పావు. అది లెక్కలోకి రాదు," అంది. "విల్ఫ్ టానర్ ఆస్పత్రిలో ఉన్నాడు. సిరిల్ పక్కన గొట్టం పట్టుకున్నవాడు. వాడూ పోతాడు. వాడి విచారణ జరిగేటప్పుడు మళ్లీ వస్తారు, ఎవరికీ తెలియదని చెప్పడానికి. అప్పుడొచ్చి చెప్పు."

"ఆయన మా మేనమామ, ఎనిడ్."

"సిరిల్ నాకు మొగుడు."

విల్ఫ్ ఆకులు రాలే కాలంలో పోయాడు. విచారణకు క్లైవ్ వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. ప్రమాణం చేసి, ఆదివారం నాటి వంటింటి మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాడు. ఫ్యాక్టరీ లాయరు లేచి, ఇన్నేళ్లుగా ఎందుకు చెప్పలేదని నిలదీశాడు. "భయమేసింది, సిగ్గేసింది," అని క్లైవ్ జవాబిచ్చాడు. క్రాక్స్‌ఫర్డ్ అనారోగ్యమని కోర్టుకు రాలేదు, కానీ అలా అనలేదని కూడా రాసి పంపలేదు. ఆ రోజు తర్వాత ఎవరికీ తెలియదన్న మాట ఆ లాయర్ల నోటి వెంట రాలేదు. ఒక్కో ఇంటితో రాజీకొచ్చారు. మా ఇంటితో కూడా. రాజీ కాగితం మీద నాన్న పేరు పక్కన ఫ్యాక్టరీ తరఫున ఎవరో సంతకం పెట్టారు. ఎవరూ జైలుకు పోలేదు. క్రాక్స్‌ఫర్డ్ తర్వాతి వసంతంలో తన ఇంట్లో తన మంచం మీద నిద్రలో పోయాడు. ఊరి పేపరు ఆయన్ని మహానుభావుడంది. అమ్మ ఆ పేపరును బంగాళదుంప తొక్కలకు వాడింది.

మేనమామ పిల్లలు క్లైవ్‌తో మాటలు మానేశారు. రైళ్ల సంఘం కూడా, గొడవలెందుకని, కొన్నాళ్లు రావద్దంది. ఒకరోజు అతను మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ తలుపు సగమే తీసింది.

"నిన్ను క్షమిస్తానని వచ్చావా?"

"లేదు. స్ప్రే షెడ్డు వాళ్లు ఇంకా కొందరున్నారు, దూరదూరంగా పోయి స్థిరపడ్డారు. చాలామందికి తెలియదు, పరీక్ష చేయించుకోవాలని. ఆ పేర్లు నీకు తెలుసు. నాకు కారుంది."

అమ్మ కోటు వేసుకుంది.

ఇప్పటికీ నెలలో ఒకటి రెండుసార్లు ఇద్దరూ బయల్దేరతారు. తలుపు తట్టి, పరిచయం చెప్పుకుని, ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని ముసలివాళ్లకు నచ్చజెబుతారు. కొందరు టీ ఇస్తారు. కొందరు మొహం మీదే తలుపు వేస్తారు. దారిలో రూటు మీద తగువు, కిటికీ అద్దం మీద తగువు. క్లైవ్ పక్క సీటు ఖాళీగానే ఉంటుంది. అమ్మ ఇంతవరకూ అందులో కూర్చోలేదు. వెనక సీట్లో కూర్చుని, ఎడమకు తిప్పు, కుడికి తిప్పు అని అతని తల వెనక నుంచి చెబుతుంది.