ఎడమ పక్క స్పీకరు

"నా స్పీకర్ను మళ్ల జరిపినవ్," అన్నాడు మంగీలాల్, బొగ్గు బాయి డ్యూటీ దిగి వచ్చి ఇంకా చెప్పులైనా విడవకుండానే.

"చీపురుకు అంత బలముంటే నిన్నెప్పుడో జరుపుదును," అంది హేమలత. "నేను ముట్టలే. చాక్‌పీసు గీత చూసుకో."

స్పీకరు గీత మీదే ఉంది. అయినా అతను ఎడమ పక్కదాన్ని నాలుగు వేళ్లు ముందుకు లాగి, పాట పెట్టి, కుర్చీలో కూర్చుని మొహం చిట్లించాడు. "పాటంత కుడి పక్కకే పోతంది. నీ కొలతలే తప్పు."

ఆ మాట హేమలతకు తగిలింది. బీయస్సీ చదివిన మనిషి; పప్పులో ఉప్పు కూడా అందాజుగా వేయదు. మణుగూరు క్వార్టరుకు ఈ సీడీ సెట్టు వచ్చిన రోజున మంగీలాల్ రెండు స్పీకర్లనూ బీరువా మీదికెక్కించాడు. పాటతో పాటు బీరువా తలుపులూ పాడాయి. మూలల్లో పెడితే గొంతు మునిగిపోయి దరువే మిగిలింది. ఆమే వాటిని దించి, గోడకు ఎడంగా, కూర్చున్న మనిషి చెవుల ఎత్తున స్టూళ్ల మీద పెట్టింది. రెండింటి మధ్య ఆరడుగులు, ఒక్కోదాని నుంచి కుర్చీకి ఆరడుగులు. అప్పుడు పాడే మనిషి సరిగ్గా నడుమ నిలబడి పాడినట్టు ఉండాలి.

స్పీకరును గీత మీదికి జరిపి, కుట్టు టేపుతో మళ్లీ కొలిచింది. తేడా లేదు. అతన్ని లేపి తాను కూర్చుంది. గొంతు రెండింటి నడుమ గోడకున్న క్యాలెండరు దగ్గర నుంచే వస్తోంది.

"వైర్లు అటుదిటు మార్చు."

మార్చి కూర్చున్నాడు. "కుడి పక్కకే."

"వెనక గోడ దిక్కు తిరిగి కూసో."

"పాటకు వీపు పెడ్తరా ఎవలన్న?" అని నవ్వుతూనే తిరిగాడు. "ఇప్పుడు గూడ కుడిదే."

ఇందాకటి దాకా ఎడమ పక్కనున్న స్పీకరు అది.

హేమలత పాట ఆపింది. వెనక నుంచి తన చేతి గడియారాన్ని అతని ఎడమ చెవికి ఆనించకుండా పట్టుకుంది. అతను కదల్లేదు. కుడి చెవి దగ్గర పట్టగానే, "గడియారమా?" అన్నాడు.

"ఎన్నాళ్లయింది?"

మంగీలాల్ తల వంచుకున్నాడు. "డ్రిల్లు ఆ పక్కకే పడ్తది గదా. వానకాలం సంది గుయ్యిమంటంది. ఎవలకు చెప్పకు. తెలిస్తే లోపలి పని తీసేసి పైన కూసోబెడ్తరు. గ్యాంగోళ్లు నవ్వుతరు."

ఆమెకు గ్యాంగు నవ్వు కాదు, పెళ్లైన కొత్తలో అతను గొప్పగా చెప్పిన పని గుర్తొచ్చింది. బాయిలో ముందు ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి చూస్తారు. గట్టిగా మోగితే నిలుస్తుంది. డొల్లగా మోగితే కూలుతుంది. ఆ మోత వినేదీ, ఏ పక్క పగులుతోందో చెప్పేదీ మంగీలాలే. అతను సరే అనేదాకా వెనక ఆరుగురు ఆగుతారు.

దీపాలు పెట్టే వేళకే అన్నాలకు కూర్చున్నారు. మంగీలాల్ తల్లి గోరి రొట్టెలు వేస్తోంది.

"అత్తా, రేపు ఈయనకు టిఫిన్ కట్టకు," అంది హేమలత. "డ్యూటీకి పోడు. చెవుల డాక్టరు దగ్గరికి పోతున్నం."

"ఏంది బిడ్డా, ఆ డబ్బాల లొల్లి ఇంక తెగలేదా?"

"తెగింది. ఎడమ చెవి వినబడ్తలేదు నీ కొడుక్కు."

గోరి చేతిలో రొట్టె ఆగిపోయింది.

"నేను పోతనన్ననా?" అన్నాడు మంగీలాల్.

"అనకు. నువ్వు సరే అంటే లోపలికొచ్చే ఆరుగురి ఇండ్లకు పోయి నేనే చెప్పొస్త."

అతను రొట్టె తుంచాడు, తినలేదు. తల్లి వైపు తిరిగి చెప్పాడు.

"రేపటి సంది మా గ్యాంగు చందర్ కడ్డీ పట్టుకుంటడు. నేనే ఫోన్ చేసి చెప్త, ఎందుకో గూడ చెప్త. పొద్దుగాల ఇద్దరం దవాఖానాకు పోతున్నం, యాడీ."