వెనక చక్రానికి ఇరవై రెండు పళ్ళు

ఆ హలో, ఇనపడతాండాదా? అందురూ బాగుండారా? అన్నం తిన్నారా? తినకుంటే తింటా తింటానే ఇనండి, తొందరేం లేదు. ఈపొద్దు ఆనందం అనే మనిషి సంగతి చెప్తా. పెద్దోడేం గాదు. మా రాయచోటి పక్క ఒక ఊర్లో ట్యాంకు కాడ నీళ్ళు ఇడిసేటోడు. అంతే.

పొద్దున ఆరూ పదికి ఆనందం మూడో మలుపు కాడ సైకిల్ దిగినాడు. దిగి, వంగి, చైను పట్టుకొని చూస్తాన్నట్టు కూచున్నాడు. చైను పడలేదు. చైను బాగానే ఉండాది. ఊపిరి అందేదాకా దాన్నట్లే పట్టుకొని ఉన్నాడు.

ఊరి ట్యాంకు గుట్ట మీద ఉండాది. కిలోమీటరున్నర దావ, మూడు మలుపులు. ఇరవయ్యారేండ్లుగా పొద్దునొకసారి, సాయంత్రమొకసారి ఎక్కుతాండాడు. మనిషి పొడుగు. గడ్డం మీద తెల్లగా మొలకలు. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. ప్యాంటు చైన్లో పడకుండా కుడి కాలికి ట్యూబు ముక్క కోసి ఏసుకుంటాడు. వీధి మొదట్లో రెండు సార్లు గంట కొడితే ఆడోళ్ళు బిందెలు బయట పెడతారు. గంటకూ నీళ్ళకూ మధ్య పదైదు నిమిషాలు. ఎప్పుడూ అంతే. ఈ రెండు నెల్లుగా ఇరవై అయితాండాది, ఇరవై ఐదు అయితాండాది.

మొన్న పంచాయతీ ఆఫీసులో పిలిచి చెప్పినారు. "ఒకటో తేదీ నుంచి మోటర్‌సైకిలుండే వాన్ని పెట్టుకుంటాం ఆనందం. నీళ్ళు లేటయితాండాయని రోజూ ఫోన్లే." ఒకటో తేదీ ఇంగ తొమ్మిది దినాలు.

మూడో మలుపు పక్కనే నాగలక్ష్మమ్మ మిద్దె. ఆయమ్మ పైనుంచి కేకేసింది.

"ఏం ఆనందం, మళ్ళా చైను పడెనా?"

"పడెనమ్మా. పాతది గదా."

"ఆ సైకిల్ షాపు దస్తగిరి ఏం కట్టినాడో ఏమో! కనపడనీ, చెప్తా వాని సంగతి."

ఆనందం సైకిల్ లేపుకున్నాడు. మిగతా దావ సైకిల్ తోసుకుంటా పోయినాడు. వాల్వు పదకొండు సుట్లు తిప్పినాడు. కింద పైపుల్లో నీళ్ళు కదిలిన సప్పుడు ఇన్నాడు. ముక్కాలు గంటకు కట్టేసి దిగొచ్చినాడు.

పదకొండుకు దస్తగిరి షాపుకు పోయినాడు. షాపంటే రేకుల కొట్టు, ముందర ఒక నీళ్ళ తొట్టి, పంచరు చూసేదానికి.

"దస్తగిరీ, గేర్ల సైకిల్ తీసుకుంటే ఎట్లుంటాది?"

"యాడికన్నా, నీ గుట్టకా?" దస్తగిరి చేతులు తుడుసుకుంటా వచ్చినాడు. "ఆ లావు టైర్లు, ముందర ఆ స్ప్రింగులు, అన్నీ కలిపితే నీ సైకిలంత బరువే ఉంటాది. ఏడు గేర్లుంటే నువ్వు వాడేది ఒకటి. మిగతా ఆరూ ఊరికే గుట్ట మీదికి మోసకపోతావు. మన దుమ్ముకు ఆ తీగలు నెలకే బిగుసుకుంటాయి."

"మరి ఏం సేయల్ల? దిగకుండా పైకి పోవల్ల నేను."

దస్తగిరి సైకిల్ తలకిందులుగా నిలబెట్టి పెడలు చేత్తో తిప్పినాడు. "ముందర నలభై నాలుగు పళ్ళు, వెనక పద్దెనిమిది. నువ్వొక తొక్కుడు తొక్కితే వెనక చక్రం ఇంచుమించు రెండున్నర సుట్లు తిరుగుతాది. అంత దూరం ఒక్క తొక్కుడుకు నెట్టల్లంటే గుట్ట మీద కాలు పట్టేస్తాది. వెనక ఇరవై రెండు పళ్ళది ఏస్తే రెండే సుట్లు. కాలికి తేలిక. కానీ నిదానమన్నా. మేక ముందర పోతాది, నువ్వెనక పోతావు."

"పోనీలే. దిగి తోసేదానికంటే బిరీన్నే గదా."

"అది నిజమే."

దస్తగిరి పాత పళ్ళ చక్రం ఊడదీసి కొత్తది బిగించినాడు. చైను పొట్టి పడితే రెండు లింకులు కలిపినాడు. బరువు కూడా తీసేయమన్నాడు ఆనందం. డైనమో, స్టాండు, చైను కవరు, ముందర బుట్ట, అన్నీ తీసేసినారు. క్యారియరు కాడ దస్తగిరి స్పానరు పెడితే ఆనందం చెయ్యి అడ్డం పెట్టినాడు.

"అది ఉండనీ. ఆదివారం మందిరానికి మా విశ్వాసమ్మ దాని మీదే కూచుంటాది."

పోతా పోతా పాత చక్రం చేతిలో పట్టుకొని చూసినాడు. పళ్ళు అరిగి మొనదేలి ఉండాయి. "ఇది నీ కాడే పెట్టు దస్తగిరీ. సలికాలానికి కాళ్ళల్లో బలమొస్తే మళ్ళా ఏయించుకుంటా."

దస్తగిరి దానికి ఇనపతీగ కట్టి గోడ మేకుకు తగిలించినాడు.

దావలోనే గోపన్న శెనక్కాయల మండీ. మూటలు తూచే కాటా ఖాళీగా ఉంటే సైకిల్ దాని మీద ఎక్కించినాడు ఆనందం. పోయిన వారం తూచినప్పుడు ఇరవై రెండున్నర. ఇప్పుడు పద్దెనిమిదిన్నర.

"ఓహో! సైకిల్ సన్నబడిందే," అన్నాడు గోపన్న. "నువ్వూ ఎక్కప్పా, సూస్తాం."

ఆనందం చెప్పులిడిసి ఎక్కినాడు. నలభై తొమ్మిది.

"ఏందప్పా ఇది! పోయిన శెనక్కాయలప్పుడు ఇదే కాటా మీద అరవై ఒకటి ఉంటివి." గోపన్న అమాలీల పక్క తిరిగి నవ్వినాడు. "సైకిల్లో నాలుగు తీసేస్తివి, నీలో పన్నెండు తీసేస్తివి. ఇంగ గుట్టేం సేస్తాది నిన్ను? గాలి కొడితే నువ్వే పైకి పోతావు!"

అందురూ నవ్వినారు. ఆనందం కూడా నవ్వినాడు. పదహారు కిలోలు. మూటలో మూడోవంతు. బాగానే తగ్గిందనుకున్నాడు.

ఇంట్లో పెండ్లాం విశ్వాసమ్మ సంగటి ముద్ద పెట్టి, గోంగూర ఏసింది. ఆనందం సగం తిని తట్ట పక్కకు జరిపినాడు.

"నెల నుంచి ఇంతే. ముద్ద సగం ఇడ్సిపెడ్తాండావు," అనింది.

"తిని ఎక్కితే ఆయాసమొస్తాది. తినకుంటే బరువు తక్కువ."

"నీ ప్యాంటు రెండు సార్లు కుట్టి సన్నం చేస్తి. ఇంగ కుట్టేదానికి గుడ్డ మిగల్లేదు. ఆదివారం ప్రార్థన అయినాక రాయచోటిలో డాక్టరుకు సూపిచ్చుకుందాం."

"ముందు సైకిల్ సంగతి తేలనీ విశ్వాసమ్మా. ఎనక సూద్దాం."

ఆయమ్మ తట్ట తీసకపోయి ఆ సగం ముద్ద మీద మూత పెట్టింది.

సాయంత్రం ఐదుకు ఆనందం వీధి మొదట్లో రెండు సార్లు గంట కొట్టినాడు. బిందెలు బయటికొచ్చినాయి. మొదటి మలుపు దాటినాడు. పెడళ్ళు నిజంగానే తేలిగ్గా తిరుగుతాండాయి. కాళ్ళు శానా సార్లు తిరుగుతాండాయి, సైకిల్ కొంచెం కొంచెం జరుగుతాండాది. దస్తగిరి చెప్పినట్టే ఒక మేకల మంద పక్కన నుంచి ముందరికి పోయింది. రెండో మలుపు దాటినాడు. ఎడమ చేతిలో తిమ్మిరి పట్టింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నందుకేమో అనుకున్నాడు. మూడో మలుపు. దిగలేదు.

మిద్దె మీద నుంచి నాగలక్ష్మమ్మ చూసింది. "ఈపొద్దు చైను పళ్ళేదే!" అనింది.

ఆనందం గంట ఒకసారి కొట్టినాడు, అంతే. మాట్లాడేదానికి ఊపిరి లేదు.

ఐదూ పద్నాలుక్కు నీళ్ళొచ్చినాయి. పదైదుకు ఒకటి తక్కువ. గడియారం చూసి ఆ మాట చెప్పినోళ్ళు ఎవురూ లేరు. బిందెలు నిండినాయి. ఆరయింది, నీళ్ళు ఆగలేదు. డ్రమ్ములు పట్టుకున్నారు. దుప్పట్లు తడిపినారు. "ఆనందానికి ఈపొద్దు దయ కలిగింది," అని ఎవురో అన్నారు. బర్రెలను కడిగినారు. ఆరున్నరయింది, వీధిలో నీళ్ళు పారతాండాయి. అప్పుడు దస్తగిరికి అనుమానమొచ్చి, షాపట్లే ఇడిసి గుట్ట ఎక్కినాడు.

స్టాండు లేదు గదా, సైకిల్ ట్యాంకు గోడకు ఆనించి ఉండాది. పక్కనే ఆనందం గోడకు ఈపు ఆనించి కూచోనుండాడు. తువ్వాలు భుజానే ఉండాది. దస్తగిరి భుజం తట్టి పిలిచినాడు. మళ్ళా పిలిచినాడు. తర్వాత పిలవలేదు. ఎనకాల నలుగురొచ్చినారు. వాల్వు ఎటు తిప్పల్నో ఎవురికీ తెలీలేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్ళు పోతానే ఉన్నాయి.

మర్నాడు మట్టి చేసినారు. సైకిల్‌ను ఇంటికి తోసకపోయి విశ్వాసమ్మ గుమ్మం కాడ పెట్టినారు. ఆయమ్మ ఏడవలేదు, క్యారియరు మీద దుమ్ము కొంగుతో తుడిసింది. ఒకటో తేదీ దాకా ఆగకుండానే మోటర్‌సైకిలుండే పిల్లోన్ని పెట్టుకున్నారు. ఇప్పుడు నీళ్ళు టైముకే వస్తాండాయి. గంట మోగదు, బిందెలు ముందే పెట్టుకోవల్ల.

సరే, ఇంగ పెట్టేస్తా. ఒక్కమాట. మీ ఇంట్లో ఎవురన్నా ఈ మధ్య సైకిల్ బరువైందనో, మెట్లు ఎత్తయినాయనో అంటాంటే, దీన్ని వాళ్ళకు పంపొద్దండి. వాళ్ళ పెండ్లానికి పంపండి, బిడ్డలకు పంపండి.

దస్తగిరి షాపులో పద్దెనిమిది పళ్ళ చక్రం ఆ మేకుకే ఉండాది, సలికాలం వచ్చి పోయింది.