లోవమ్మ నోరు

అంతర్వేది పల్లిపాలెం రేవులో చేపల వేలం మొదలైందని ఊళ్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. లోవమ్మ కేకే చెప్పేది. బోట్లలోంచి దింపిన తట్టల మధ్య కొంగు బిగించి నిలబడి, "వంజరం చూసుకోండి, కళ్లెలా మెరుస్తున్నాయో! పాట మొదలెట్టండి!" అంటే చాలు, ఐసు లారీల దగ్గర టీ తాగుతున్న వ్యాపారులు గ్లాసులు పెట్టేసి వచ్చేవారు. ఆమెకు యాభై దాటాయి. భర్త త్రిమూర్తులు వేటకు వెళ్లి తెచ్చిన సరుకును పాట పెట్టి అమ్మడం ఆమె పని. వాళ్ల బోటుదే కాదు, రేవులో సగం బోట్లవాళ్లు ఆమె చేతే అమ్మించుకునేవారు.

పాట లేనప్పుడు ఆమె నోట్లో చుట్ట ఉండేది. ఆ తీరంలో చాలామంది ఆడవాళ్లలాగే ఆమెదీ అడ్డపొగ. అంటే వెలిగించిన కొస నోటి లోపల, ఉత్త కొస బయట. సముద్రపు గాలికి ఆరిపోదని, నుసి చేపల మీద రాలదని ఎప్పటి నుంచో అలా అలవాటైపోయింది. లోవమ్మకు పెళ్లి కాకముందే తల్లి దగ్గర అబ్బింది.

ఒక ఫిబ్రవరిలో కోడలు లక్ష్మీదుర్గకు దవడ పన్ను సలిపి చెంప వాచిపోయింది. లోవమ్మ ఆమెను వెంటబెట్టుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, నర్సాపురంలో పళ్ల డాక్టరు ఉషారాణి దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు కోడలి పన్ను చూసి మందులు రాసిచ్చింది. ఆ తర్వాత అత్తగారి వైపు తిరిగింది.

"అమ్మా, మీరు చుట్ట కాలుస్తారా?"

"కాలుస్తానండి. అయినా పన్ను నొప్పి దానికండి, నాక్కాదు."

"అడ్డపొగేనా?"

ఎలా కనిపెట్టిందా అని లోవమ్మ తెల్లబోయింది.

"ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చోండి, చూస్తాను."

"నాకేం నొప్పి లేదండి బాబూ. ఎండుచేప ముల్లుతో సహా నమిలేస్తాను."

వాచిన చెంప పట్టుకుని లక్ష్మీదుర్గ, "కూర్చోండి అత్తా, నేను కూర్చోలేదా ఏంటి?" అంది. కోడలి మాట తీసెయ్యలేక లోవమ్మ కూర్చుంది.

ఉషారాణి లైటు వేసి చాలాసేపు చూసింది. ఫోన్‌తో ఫొటో తీసి చూపించింది. అంగిలంతా తెల్లగా మందం కట్టింది. ఒక పక్కన మినపగింజంత ఎర్రటి పుండు. తన నోట్లో అలాంటిదొకటుందని లోవమ్మకు తెలియనే తెలియదు.

"నొప్పి లేకపోతే జబ్బెలాగవుద్దండి?" అంది.

"నొప్పి లేనప్పుడే దీన్ని పట్టుకోవాలమ్మా. మింగలేని పరిస్థితిలో నా దగ్గరకు వచ్చినవాళ్లను చూశాను. అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. ఆలస్యం చేయకండి. రాజమండ్రి వెళ్లి ముక్క తీయించి పరీక్ష చేయించుకోండి."

ఇంటికి వచ్చాక లోవమ్మ ఆ మాటను పక్కన పెట్టేసింది. చేపలు బాగా పడుతున్నాయి. వేసవిలో వేట నిషేధం వస్తుంది కదా, అప్పుడు చూద్దాం లెమ్మంది. త్రిమూర్తులు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కోడలు చెప్పిందంతా విన్నాడు. మర్నాడు తెల్లారాక రేవులో బోట్లన్నీ కదిలినా అతని బోటు మాత్రం ఒడ్డునే ఉంది.

"ఏంటయ్యా, ఎళ్లవా?" అంది లోవమ్మ.

"నువ్వు రాజమండ్రి వత్తేనే బోటు దింపుతాను."

ఆ మనిషి అలా మొండికేయడం ఆమె కాపురంలో ఎన్నడూ చూడలేదు. ఆ రోజే బయల్దేరారు.

పరీక్షలో క్యాన్సరేనని తేలింది. రాజమండ్రి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఫిల్ములు చూసి, "చిన్నదిగా ఉండగానే వచ్చారు. మెడ గ్రంథుల్లోకి పాకలేదు. ఆపరేషన్‌తో పోతుంది. రేడియేషన్ కరెంటు పెట్టే అవసరం రాకపోవచ్చు" అన్నారు. లోవమ్మ ఒక్కటే అడిగింది.

"నా గొంతు పోద్దాండి?"

"గొంతు పోదమ్మా. కానీ అంగిట్లో కొంత ముక్క తీసేస్తాం. అక్కడ ముక్కులోకి రంధ్రం పడుతుంది. దాన్ని మూసే ప్లేటు చేసి పెడతారు. మాట మళ్లీ నేర్చుకోవాలి."

ఆపరేషన్ అయ్యాక మొదటి వారాలు ఆమెను చాలా బాధపెట్టాయి. ప్లేటు సరిగ్గా కుదరక, తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. "పండుగప్ప" అనబోతే మాటంతా ముక్కులోంచి పోయి, "మండుమమ్మ" అని వచ్చింది. లోవమ్మ పురుళ్లకు కూడా ఏడ్చిన మనిషి కాదు. ఆ రోజు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది.

మాట నేర్పే ఆవిడ రోజూ ఏదైనా పైకి చదవమని చెప్పింది. లోవమ్మకు చదువు రాదు. అందుకని చేపల పేర్లే చదువనుకుంది. పొద్దున్నే సముద్రం ఒడ్డుకు పోయి అలలకు ఎదురుగా నిలబడి అరిచేది. కాస్త దూరంలో వల బాగుచేసుకుంటూ త్రిమూర్తులు వినేవాడు.

"పండుగప్ప తెలిసింది. చందువా ఇంకోసారి."

"చంనువా!"

"ఇంకోసారి."

చుట్ట మానడం అంతకంటే కష్టమైంది. అన్నం తిన్నాక చెయ్యి దానంతటదే చుట్టలు దోపుకునే రొంటి దగ్గరికి పోయేది. చిరాకు పుట్టి అందరి మీదా కసురుకునేది. ఇంట్లో వాళ్లు ఓర్చుకున్నారు. నెలలు గడిచాక పక్కన ఎవరైనా చుట్ట వెలిగిస్తే తనే లేచి అవతలికి పోయేది.

నిషేధం పోయి, వానలు పడి, మళ్లీ చేపలు జోరందుకున్న రోజుల్లో లోవమ్మ పాటకు వచ్చింది. ఈ మధ్యలో ఆమె పని అదే ఊరి సత్యవాణి చేస్తోంది. ఎప్పుడో ఒక తట్ట విషయంలో తగువు పడ్డాక ఆ ఇద్దరికీ మాటల్లేవు. లోవమ్మ తన బోటు సరుకు దగ్గర నిలబడి కేక వేసింది. గొంతు పెద్దదే, కానీ మాట ముక్కులో ఆడుతోంది. పాలకొల్లు నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు ముక్కు పట్టుకుని ఆమెలాగే అని చూపించాడు. నలుగురు నవ్వారు.

లోవమ్మ ఆగింది. అతని వైపు తిరిగి, "నవ్వేశారాండి? అయితే ఇప్పుడు పాట పాడండి" అంది. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. తట్టలు అయిపోయేసరికి నవ్విన మనిషే అందరికంటే ఎక్కువ సరుకు పాడుకున్నాడు. పాత బోట్లవాళ్లు ఒక్కొక్కరే సత్యవాణిని వదిలి మళ్లీ లోవమ్మ దగ్గరికే వచ్చేశారు.

దీపావళి దాటాక ఉషారాణి పల్లిపాలెంలో నోటి పరీక్షల క్యాంపు పెట్టింది. ఒక్క ఆడది కూడా రాలేదు. డాక్టరు ఖాళీ కుర్చీలు సర్దుకుని వెళ్లిపోతుంటే లోవమ్మకు తలకొట్టేసినట్టయింది. మర్నాడు చేపలు ఎండబెట్టే చోటికి వెళ్లింది. ఆడవాళ్లంతా అక్కడే కూర్చుని అడ్డపొగ పీలుస్తున్నారు. వాళ్ల మధ్య చతికిలబడి, నోట్లోంచి ప్లేటు తీసి అరచేతిలో పెట్టుకుని, నోరు బార్లా తెరిచింది. ఇంట్లో కొడుకుకు కూడా ఆమె అది చూపించలేదు.

అందరూ చూశాక ప్లేటు పెట్టుకుని అంది.

"మినపగింజంత ఉండగా దొరికింది. అందుకే ఇంతతో పోయింది. ఇంకో ఏడాది ఆగుంటే దవడే తీసేద్దురంట. నాకు రవ్వంత నొప్పి లేదే, నిజం. నోళ్లు తెరవండి. నేను డాక్టర్ని కాదు, ఏదన్నా తేడాగా ఉంటే ఆవిడకి చూపిద్దాం."

ముందు ఒక ముసలామె తెరిచింది. ఆ వెనక మిగతావాళ్లు. సత్యవాణి మాత్రం తట్ట తీసుకుని లేచి వెళ్లిపోయింది.

సాయంత్రం లోవమ్మ ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఏంటి, దారి తప్పావా?" అంది సత్యవాణి.

"నోరు చూపించు."

"నా పాట లాక్కున్నావు. ఇప్పుడు నా నోట్లో ఏలు పెడతావా?"

"నా వైపున్న బోట్లలో సగం నువ్వే పాడుకో. నేను అడ్డం రాను."

సత్యవాణి నమ్మలేనట్టు చూసింది. "ఒట్టు?"

"గంగమ్మతల్లి తోడు. నోరు తెరు."

తెరిచింది. అంగిలి తెల్లగా, అక్కడక్కడా ఎర్రటి చుక్కలతో ఉంది. లోవమ్మ, "పొద్దున్నే పంటు దగ్గరుండు" అని వచ్చేసింది.

ఉషారాణి చూసి రాజమండ్రి పంపితే, అక్కడ సత్యవాణికి ముక్క తీసి పరీక్ష చేశారు. ఫలితం కోసం ఇద్దరూ మళ్లీ నర్సాపురం వెళ్లారు. ఇంకా క్యాన్సర్ కాలేదని, చుట్ట పూర్తిగా మానేస్తే ఆ మచ్చలు తగ్గే వీలుందని, క్రమం తప్పకుండా చూపించుకోవాలని ఉషారాణి చెప్పింది. తిరుగుదారిలో పంటు గోదావరి మధ్యకు వచ్చేసరికి సత్యవాణి కళ్లు తుడుచుకుంది.

"నాకు మానేత్తే సరిపోద్దంట. నీకలా ఎవరూ ముందుగా చెప్పలేదా వదినా?"

ఆమె వదినా అని ఎన్నేళ్లకు పిలిచిందో.

"కాస్త ఆలస్యంగా చెప్పారే. అయినా మరీ ఆలస్యం కాలేదుగా, నీ పక్కన కూచున్నాను" అంది లోవమ్మ.

అన్న మాట ప్రకారం సగం బోట్లు వదిలేసుకుంది. త్రిమూర్తులు ఎందుకని అడగలేదు. తర్వాతి ఏడాది రాజమండ్రిలో పరీక్ష చేసిన డాక్టరు, జబ్బు ఆనవాళ్లేవీ లేవన్నారు.

ఆ చలికాలంలోనే ఉషారాణి మళ్లీ క్యాంపు పెట్టింది. ఈసారి వలల షెడ్డు దాకా ఆడవాళ్లు బారులు తీరారు. అయినా కుర్చీ ఎక్కడానికి సిగ్గుపడి ఒకళ్లనొకళ్లు ముందుకు తోసుకుంటున్నారు. సత్యవాణి అందర్నీ పక్కకు జరుపుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ముందు నన్ను చూడండి డాక్టరుగారూ. నన్ను చూత్తే ఈళ్ల సిగ్గు పోద్ది" అని నోరు తెరిచింది.