పటిక కలిపిన గంజి

లండన్లో మా థియేటర్లో బాలే అమ్మాయిల గౌన్లు ఉతికి గంజి పెట్టే పని నాది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నా చేతులు ఉడకబెట్టిన పంది కాళ్ళలా ఉంటాయని మా ఆయన బతికున్న రోజుల్లో అనేవాడు. ఆయన నోరే అంత. కానీ అబద్ధం చెప్పలేదు.

రెండేళ్ళుగా ఆ గంజిలో ఎవరికీ చెప్పకుండా పటిక కలుపుతున్నాను. పటిక పట్టిన పల్చటి బట్టకి నిప్పు తగిలితే నల్లగా కమిలి ఊరుకుంటుంది, భగ్గున లేవదు. ఈ సంగతి మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ పెట్టనివ్వరు. పటిక పెడితే తెల్లటి గౌను కాస్త పసుపు తిరుగుతుంది, అట్టలా బిగుసుకుంటుంది. పొరలు గాలిలో తేలవు. గౌను తేలకపోతే అమ్మాయి ఎంత పైకి ఎగిరినా నేల మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, పై వరసల్లో కూర్చున్న జనం ఈలలు వేస్తారు.

నేను కలపడం మొదలుపెట్టింది మా బాలే పిల్ల జెమైమా పోయాక. వేదిక అంచున వరసగా గ్యాసు దీపాలుంటాయి. ఆ పిల్ల వాటి పక్కన ఆడుతుండగా పక్క తెర చాటు నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. గిరుక్కున తిరిగింది. గౌను అంచు దీపానికి తగిలింది. ఇలాంటప్పుడు కప్పడానికే తెర వెనక మేకుకి తడి దుప్పటి వేలాడుతూ ఉంటుంది, దాన్ని చూసుకోవలసింది నేనే. నాకూ ఆ పిల్లకీ మధ్య నాలుగడుగులు. దుప్పటి లాక్కుని నేను చేరేసరికి మంట నడుం దాటిపోయింది. ఆసుపత్రిలో పదకొండు రోజులు బతికింది. ఆ పొద్దున ఆ గౌను ఇస్త్రీ చేసింది నేనే.

గౌన్లు గరుగ్గా ఉన్నాయని, తొడలు గీరుకుపోతున్నాయని అమ్మాయిలు గోల పెట్టేవారు. నేను లండన్ పొగమంచుని తిట్టేదాన్ని. ఈ ఊళ్ళో ఏం చెడినా పొగమంచు మీదికి తోసెయ్యొచ్చు, ఎవరూ ఎదురు చెప్పరు.

నిజం చెప్పింది ఒక్క ఎఫీకే. ఎఫీ మా చెల్లెలు హ్యానా కూతురు. హ్యానా పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. అప్పటి నుంచీ లాంబెత్‌లో నా గదిలోనే పెరిగింది. ఇప్పుడు పంతొమ్మిది. మూడో వరసలో ఆడుతుంది. మూడో వరస అంటే గోడకి వేసిన రంగు లాంటిది, ఎవరూ చూడరు. క్రిస్మస్ ఆటకి ముందు వరసలో ఒక చోటు ఖాళీ అయింది, అక్కడి అమ్మాయి హల్ అనే ఊరి నుంచి వచ్చిన గుండీల వ్యాపారిని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో. ఆ చోటుకి ముగ్గురిని గురువారం పొద్దున దీపాలన్నీ వెలిగించి, గౌన్లు తొడిగించి పరీక్ష పెడతామన్నారు. ముగ్గురిలో ఎఫీ ఒకతె.

మంగళవారం టీ దగ్గర అది మొదలుపెట్టింది. "పెద్దమ్మా, నా ఒక్క గౌనుకీ పటిక తీసెయ్యవా?"

"తియ్యను."

"ఒక్క పూటకే. మళ్ళీ పెట్టేద్దువుగాని."

"జెమైమాది కూడా ఒక్క పూటే అయ్యింది."

"దాన్ని ఎవరో పిలిచారు కాబట్టి తిరిగింది. నేను అలా తిరుగుతానా? పదమూడేళ్ళుగా అరుస్తున్నావు, నువ్వు పిలిస్తేనే పలకను కదా."

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. రొట్టెకి కొవ్వు రాసి దాని ముందుకు తోసి, మాట అక్కడితో తుంచేశాను. అది మళ్ళీ అడగలేదు. ఎఫీ ఒకటి కావాలనుకున్నాక రెండోసారి అడగకపోవడం నేను ఎన్నడూ చూడలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. బుధవారం అంచు ఊడిందని గౌను ఇంటికి తెచ్చుకుంది. నేను నడుం నొప్పితో పెందలాడే పడుకున్నాను.

గురువారం అది వేదిక మీదికి అడుగు పెట్టగానే నాకు తెలిసిపోయింది. మిగతా ఇద్దరి గౌన్లు మడత పెట్టిన కాగితాల్లా కదులుతున్నాయి. ఎఫీది లేచింది. ఒక్కో పొరా విడివిడిగా, పాల మీది ఆవిరిలా లేచింది. మూడు నీళ్ళలో జాడించి ఉంటుంది. నా గంజి ఎంత మొండిదో నాకు తెలుసు, రాత్రంతా ఆ పిల్ల చేతులు ఎంత నొప్పి పుట్టాయో కూడా తెలుసు.

మేకు మీది దుప్పటి లాక్కున్నాను. చన్నీళ్ళు నా జాకెట్టంతా కారుతున్నాయి. అరుద్దామని నోరు తెరిచాను. అరిస్తే తిరుగుతుంది. తిరిగితే ఆ పొరలన్నీ దీపాల మీదికే పోతాయి. నోరు మూసుకున్నాను. ఏడు నిమిషాల ఆట అది. దుప్పటి గుండెకి హత్తుకుని చూస్తూ నిలబడడం తప్ప నా చేతుల్లో ఏమీ లేదు. అది ఎంత బాగా ఆడిందో అందరూ తర్వాత చెప్పారు. నేను దాని మొహం చూడలేదు, గౌను అంచునే చూశాను.

ఏమీ కాలేదు. ఆట అయిపోయింది. నాట్యం నేర్పే ఒర్లాండి మాస్టారు చేతికర్రతో నేలని టకటకా కొట్టాడు, ఆయన మెచ్చుకునే తీరు అది. మిగతా వాళ్ళ గౌన్లెందుకు ఇలా లేవడం లేదని అడిగాడు. ఎఫీకి ఆయాసం, సంతోషం, ఒళ్ళు తెలియలేదు. ఇంట్లో జాడించానని, పటిక పోయిందని చెప్పేసింది. చెప్పాక నా వైపు చూసి నాలుక కరుచుకుంది.

మేనేజరు హాబ్‌డే గారు నన్ను పక్కకి పిలిచారు. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు తిట్టి బయటికి నడిచేదాన్ని. ఆయన కుర్చీ వేయించి కూర్చోమన్నారు.

"నీ బాధ నాకు తెలుసు, ట్రాంటరమ్మా. జెమైమాని మోసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ జనం చూడటానికి వచ్చేది ఎఫీ గౌను లాంటి దాన్నే. శనివారం మధ్యాహ్నం ఆటకి మొత్తం ముప్పై గౌన్లూ జాడించెయ్."

"మళ్ళీ అంటుకుంటే?"

"అందుకే కదా దుప్పటి పెట్టాం."

ఆ దుప్పటి ఇంకా నా ఒళ్ళోనే ఉంది. మానేస్తానని నోటి దాకా వచ్చింది. మానేస్తే ఇంకో మనిషి వచ్చి జాడిస్తుంది, దుప్పటి తడపాలని ఆవిడకి గుర్తుంటుందో ఉండదో. సరేనన్నాను.

శుక్రవారమంతా జాడించాం. అమ్మాయిలంతా సంబరంగా వచ్చి తలా ఓ చెయ్యి వేశారు, పాటలు పాడారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు. పొగమంచు గురించి నన్ను తెగ ఆట పట్టించారు. పటిక పోయిందో లేదో తెలుసుకోవాలంటే అంచు నోట్లో పెట్టుకుని చూడాలి, ఉంటే నాలుక వగరుగా ముడుచుకుంటుంది. ముప్పై అంచులూ చూశాను. ఎఫీది చివర చూశాను. ఒట్టి నీళ్ళ రుచి.

"కోపమా, పెద్దమ్మా?" అంది ఎఫీ, నా భుజం మీద గడ్డం ఆనించి. చోటు దానికే ఇచ్చారు. ముందు వరసలో సరిగ్గా మధ్య.

కోపమైతే ఎంత బాగుండేదో. భయం అని చెప్పాను. నేను జాగ్రత్తగా ఉంటాగా అంది. జెమైమా కూడా జాగ్రత్త గల పిల్లే, ఆ మాట అనలేదు.

శనివారం మధ్యాహ్నం దాని వీపున హుక్కులు పెట్టాను. ఎలా ఉన్నానంది. బాగున్నావన్నాను, నిజంగానే ఉంది, హ్యానా చూడాల్సింది. తెర లేవకముందు ఖాళీ వేదిక మీద మేకు దగ్గర నుంచి దాని చోటు దాకా నడిచి చూశాను. పెద్ద పెద్ద అంగలు వేసి చూశాను, పరుగెత్తి కూడా చూశాను.

తొమ్మిదడుగులు.

వెనక్కి వచ్చి, బకెట్టులో దుప్పటి ముంచి, పిండకుండా చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. వాద్యం మొదలైంది.