అందరిలో అడిగిన ప్రశ్న

హాల్లో అందరూ ఉన్నారు. అక్క బఠాణీలు ఒలుస్తోంది. ఆమె అత్తగారు సోఫాలో చేరబడ్డారు. ఎవరూ చూడకపోయినా టీవీ మోగుతూనే ఉంది. మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న చెల్లెలు ఆ సందడిలోనే బావను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతోంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"మీరు మీ ఒంట్లో లేనట్టు, మిమ్మల్ని మీరే దూరం నుంచి చూస్తున్నట్టు ఎప్పుడైనా అనిపించిందా బావా?"

"మీ అక్క తిట్టినప్పుడల్లా."

అందరూ నవ్వారు.

"సరిగ్గా చెప్పండి."

"లేదు. రాసుకో."

తక్కిన ప్రశ్నలన్నిటికీ అదే జవాబు. ఆయన కుడికాలు మాత్రం నేల మీద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

ఆ సాయంత్రమే ఆ జవాబులు తన పరిశోధనకు దారి చూపే ప్రొఫెసరమ్మ చేతికిస్తే, ఆవిడ వాటిని చూడనైనా లేదు. "ఎక్కడ కూర్చుని అడిగావు? పక్కన ఎవరున్నారు?" అన్నారు.

మర్నాడు చెల్లెలు డిపో గేటు బయట టీకొట్టు దగ్గర బావను పట్టుకుంది. ఈసారి కాగితాలు తీయలేదు. "బస్సు నడుపుతుంటే మీకెలా ఉంటుంది బావా?" అని మాత్రం అడిగింది.

ఆయన గ్లాసు తిప్పుతూ చెప్పాడు. "ఒక్కోసారి రెండు స్టాపులు దాటాక తెలుస్తుంది. ఆపానట, జనం దిగారట. నాకు గుర్తుండదు. స్టీరింగు మీద చేతులు ఎవరివో అనిపిస్తాయి."

"మరి నిన్న లేదన్నారేం?"

"అవునంటే మీ అక్కకు నిద్ర పడుతుందా? పిచ్చి పట్టిందని మా అమ్మ ఏడుస్తుంది. డిపోలో తెలిస్తే సీట్లోంచి దింపేస్తారు. అయినా, అలసిపోయిన వాళ్ళందరికీ ఇంతేనేమో అనుకున్నా."

మన ఇళ్ళలోనూ ఇంతే కదా. జ్వరమొస్తే నలుగురికీ చెబుతాం. మనసు పట్టు తప్పుతోందని మాత్రం పక్కనున్న వాళ్ళకు కూడా చెప్పుకోం.

కాసేపట్లో ఆయన బస్సెక్కాలి. బస్సు నిండా మనుషులుంటారు.

"ఈ పూట ఎక్కకండి బావా. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను."

"డిపోలో ఏమని చెప్పను?"

"ఒంట్లో బాగాలేదనండి. అబద్ధం కాదుగా."

లోపల ఎవరో హారన్ కొట్టారు. ఆయన గేటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, గ్లాసు పెట్టేసి లోపలికి వెళ్ళాడు. ఆమె అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఆయన బస్సు బయటికి వచ్చింది. సీట్లో వేరే డ్రైవరు ఉన్నాడు. వెనకే బావ నడిచి వస్తున్నాడు.

సాయంత్రం ఆమె ప్రొఫెసరమ్మను అడిగింది. "అయితే మనుషులు తమ గురించి చెప్పేది నమ్మకూడదా మేడమ్?"

"నమ్మాల్సిందే. కానీ ఏ భయమూ లేకుండా చెప్పుకునే చోటు ముందు మనం ఇవ్వాలి, ఆ తర్వాతే అడగాలి."