తెడ్డు గొడ్డుది కాదు

కంపు ముందు వెర్నా ముక్కుకే తగిలింది.

“ఆపు, ఆపు! ఇక్కడే ఎక్కడో ఉంది!”

లోర్న్ పడవ ఇంజను ఆపి ముక్కు మూసుకున్నాడు. కెనడా తీరాన ఫండీ అఖాతంలో లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు పట్టి బతుకుతాడు. “చేపల మధ్యే ముసలివాణ్ణయ్యాను. ఇంత కంపు నా పడవెక్కించింది నువ్వొక్కదానివే, వెర్నా.”

“నోరు మూసుకో. లేకపోతే లోపలికి పోతుంది.”

ఇటుక రంగు ముద్ద ఒకటి నీళ్ల మీద తేలుతోంది. వెర్నా ఇంగర్సోల్ వంగి దాన్ని చిన్న వలతో తోడి సీసాలో వేసుకుంది. తిమింగలం పేడ. బస్సంత జంతువును నిలబెట్టి సూది గుచ్చి నెత్తురు తీయడం ఎవరి తరం? అందుకే కడుపుతో ఉందో, పాలిస్తోందో, ఆకలితో ఉందో, బెదిరిందో ఆమె పేడనే అడిగి తెలుసుకుంటుంది. యూనివర్సిటీలో ఆమె ఉద్యోగమంతా ఇదే. వెనకాల ‘పేడ ప్రొఫెసర్’ అని నవ్వుకుంటారని తెలిసి, ఆ పేరు తనే తన గది తలుపు మీద రాసి పెట్టింది. ఇక నవ్వేదేముంది?

ఈ ముద్ద తెడ్డు అనే ఆడ తిమింగలానిది. నెత్తిమీద తెడ్డు ఆకారంలో మచ్చ ఉంటుంది కనుక ఆ పేరు. తల్లి పక్కన పిల్లగా ఈదుతున్నప్పుడు పేరు పెట్టింది వెర్నాయే. పెద్దదైంది గానీ, దాని పక్కన పిల్లను ఎవరూ చూడలేదు.

ల్యాబులో పరీక్ష చేస్తే తెడ్డు కడుపుతో ఉందని తేలింది. వెర్నా ఆ రోజు ఒంటరిగా ల్యాబులో చిన్న గెంతు గెంతింది. మోకాలు కలుక్కుమంది, అయినా మళ్లీ గెంతింది.

సెప్టెంబరు చివర్లో తెడ్డు మళ్లీ కనబడింది. తోక మొదట్లో చేపల వేట తాడు బిగుసుకుని కోసిన పచ్చి గాయం. ఒళ్లంతా చిక్కిపోయింది. పేడలో చూలు జాడ లేదు. ఇలా కడుపు పోవడం దానికిది మూడోసారి. వెర్నా కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఆమెకూ రెండుసార్లు కడుపు పోయింది. అప్పట్లో అత్తగారు పదిమందిలో ఆమెను ఏమన్నదో ఈనాటికీ మరిచిపోలేదు.

మరుసటి వారం డిపార్ట్‌మెంటు పెద్ద స్టర్లింగ్ వెట్‌మోర్ పిలిపించాడు. తిమింగలాల జాబితా బల్ల మీద పరిచి ఉంది.

“తెడ్డును గొడ్డువాటిలో చేర్చేద్దాం, డాక్టర్‌గారూ. దాన్ని మొదట నమోదు చేసింది మీరు కదా, మీ సంతకం లేనిదే జాబితాలో దాని గురించి ఏదీ మార్చకూడదు.”

“మూడుసార్లు చూలు నిలిచింది. మూడూ పోయాయి. కాగితాలు మీకిచ్చాను.”

“కళ్లతో చూసిన పిల్లే లెక్క. మన పద్ధతి మీకు తెలియనిదా?”

“పుట్టకముందే చచ్చినదాన్ని ఏ కళ్లతో చూస్తారు? తాళ్లు బిగించింది మనం. ఓడలతో బెదరగొట్టింది మనం. తప్పు దాని కడుపు మీద తోస్తారా?”

వెట్‌మోర్ మెల్లగా నవ్వాడు. అతని కొత్త ప్రాజెక్టుకు డబ్బిచ్చేది ఓడల కంపెనీ. ఆడ తిమింగలాలు గొడ్డువని తేలితే, పిల్లలు లేకపోవడం ఓడల తప్పు కాదని, వాటికోసం ఓడలు నెమ్మదిగా నడవక్కర్లేదని వాదించవచ్చు.

“సంతకం పెట్టండి. మీ ఫ్రీజరు జోలికి ఎవరూ రారు. లేదంటే సోమవారానికల్లా ఆ గది మాకు కావాలి.”

ఫ్రీజరంటే ఆమె బతుకు. ఈ అఖాతంలోకి వచ్చిన ప్రతి ఆడ తిమింగలం పేడ సీసా అందులో ఉంది. కొన్ని తిమింగలాలు ఇప్పుడు లేవు, సీసాలే మిగిలాయి. చెడితే మళ్లీ దొరికేవి కావు. వెర్నాకు భయమేసింది, నిజమే. దానికన్నా ఒళ్లు మండింది.

కలం తీసుకుంది. వెట్‌మోర్ కుర్చీలో వెనక్కి వాలాడు. తెడ్డు పేరు కింద ఆమె పెద్ద అక్షరాలతో రాసింది: ‘మూడుసార్లు కడుపు నిలిచింది. మూడూ మన మూలంగా పోయాయి.’ దాని కింద సంతకం పెట్టింది.

“అదేంటి, అలా రాశారు! కొట్టేయండి!”

“నా సంతకం లేనిదే మార్చకూడదన్నారుగా.”

బయటికొచ్చి వరండాలోనే లోర్న్‌కు ఫోన్ చేసింది. “నీ ఎరచేపల ఫ్రీజరులో చోటుందా?”

“ఎంత కావాలి?”

“మొత్తం.”

“కంపు కొడతాయా?”

“చచ్చేంత.”

“అయితే నా హెర్రింగు చేపలకి తోడు దొరికిందన్నమాట. ట్రక్కు తెస్తున్నా, ఐసు కూడా తెస్తా.”

సీసాల పెట్టె ఎత్తుకుని ఆమె ల్యాబులోంచి వస్తుంటే వెట్‌మోర్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. “ఈ వయసులో ఇదంతా ఎందుకు చెప్పండి? ఒక్క తిమింగలం కోసం...”

“పక్కకు జరుగు, స్టర్లింగ్,” అంది వెర్నా. “మోయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.”